దిగని రేవులు: నాన్సీ ప్రిన్స్ యాత్రాకథనంలో అనుభవం, హెచ్చరిక

వ్యాస సంగ్రహం

అమెరికాలో బానిసత్వం అమలులో ఉన్న రోజుల్లో స్వతంత్రురాలిగా పుట్టిన నల్లజాతి స్త్రీ నాన్సీ ప్రిన్స్. ఆమె రష్యాలోనూ జమైకాలోనూ గడిపిన జీవితాన్ని 1850లో బోస్టన్‌లో పుస్తకంగా ప్రచురించింది. అంతకు ముందు, 1841లో, జమైకాకు వలస పోదలచిన తన జాతివారి కోసం ఒక చిన్న పుస్తకాన్ని వెలువరించింది. ఈ రెండు రచనల్లోనూ ప్రయాణానుభవం పదేపదే సలహాగా, హెచ్చరికగా మారుతుంది. ఈ లక్షణం రచనకు అనుబంధం కాదనీ, యాత్రికురాలి సామాజిక స్థితి నుంచి పుట్టిన ప్రధాన నిర్మాణ సూత్రమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దాదాపు అదే కాలంలో తెలుగులో వచ్చిన ‘కాశీయాత్ర చరిత్ర’తో పరిమితమైన పోలిక ద్వారా, యాత్రాసాహిత్య అధ్యయనంలో మనం అడగవలసిన కొన్ని ప్రశ్నలను ముందుంచుతుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, నల్లజాతి స్త్రీల రచనలు, నాన్సీ ప్రిన్స్, మేరీ సీకోల్, స్వీయకథనం, కాశీయాత్ర చరిత్ర, సంచార స్వేచ్ఛ.

1. ఉపోద్ఘాతం

యాత్రాసాహిత్యాన్ని నిర్వచించేటప్పుడు మనం సాధారణంగా మూడు అంశాలను గుర్తిస్తాం: యాత్రికుడు తన చోటు విడిచి వెళ్ళడం, కొత్త ప్రదేశాలను చూడడం, చూసినదాన్ని పాఠకుడికి కళ్ళకు కట్టినట్టు చెప్పడం. ఈ మూడింటి వెనుక మాటల్లోకి రాని నాలుగో అంశం ఒకటుంది. యాత్రికుడు వెళ్ళదలచుకున్న చోటికి వెళ్ళగలడు; వెళ్ళిన చోట దిగగలడు; దిగిన చోట తినగలడు, పడుకోగలడు; తిరిగి ఇంటికి చేరగలడు. ఈ నాలుగో అంశాన్ని మనం నిర్వచనంలో చేర్చం. అది ఉన్నదనే అనుకుంటాం కనుక చేర్చవలసిన అవసరం కనిపించదు.

అది లేనివారు యాత్ర చేసి, దాన్ని రాసినప్పుడు ఆ రచన రూపం ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెతికేందుకు నాన్సీ ప్రిన్స్ రచన అనువైనది. పంతొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో అట్లాంటిక్ సముద్రాన్ని పలుమార్లు దాటిన ఆమె పర్యాటకురాలు కాదు, రాజప్రతినిధి కాదు, వర్తకుడి భార్య కాదు. జార్ చక్రవర్తి కొలువులో ఉద్యోగి అయిన భర్త వెంట ఒకసారి, సొంత నిర్ణయంతో రెండుసార్లు ఓడ ఎక్కింది. మూడు ప్రయాణాల్లోనూ ఆమె శరీరపు రంగు ఆమెతోపాటే ప్రయాణించింది. రష్యాలో అది అడ్డు కాలేదు. జమైకాలో అది బంధుత్వమూ అయింది, పరీక్షా అయింది. సొంత దేశపు దక్షిణ తీరంలో అదే రంగు ఆమెను ఓడ దిగనివ్వలేదు.

2. రచయిత్రి: జీవిత నేపథ్యం

నాన్సీ గార్డ్‌నర్ 1799 సెప్టెంబరు 15న మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూబరీపోర్ట్‌లో పుట్టింది. తల్లివైపు తాత ఆఫ్రికా నుంచి బానిసగా తీసుకురాబడినవాడు. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో బంకర్ హిల్ యుద్ధంలో పాల్గొన్నాడు. అమ్మమ్మ అమెరికా ఆదివాసి స్త్రీ. కన్నతండ్రి నాంటకెట్ నావికుడు. బిడ్డకు మూడు నెలలు నిండేసరికి చనిపోయాడు. సవతితండ్రి బానిసల ఓడ నుంచి నీళ్ళలోకి దూకి, ఈదుకుంటూ ఒడ్డు చేరి స్వేచ్ఛ సంపాదించుకున్నవాడు. అతడు చెప్పిన ఆ కథను ప్రిన్స్ తన పుస్తకపు తొలి పుటల్లోనే నమోదు చేసింది. ఆమె విన్న మొదటి సముద్రయాన కథ బందీగా తెచ్చిన ఓడ నుంచి తప్పించుకున్న కథ. ఈ వాస్తవాన్ని గుర్తు పెట్టుకుని మిగిలిన పుస్తకాన్ని చదవాలి.

సవతితండ్రి మరణం తరవాత కుటుంబం చితికిపోయింది. పిల్లలు అడవి పళ్ళు ఏరి అమ్మారు. తలా ఒక ఇంట్లో పనికి కుదిరారు. సేలం పట్టణంలో భక్తిపరులుగా పేరున్న ఒక కుటుంబంలో పనిచేస్తూ, మోయలేని చాకిరీతో తన ఆరోగ్యం దెబ్బతిన్నదని ఆమె రాసింది. 1816 ఫిబ్రవరిలో, అక్క సిల్వియాను ఎవరో మభ్యపెట్టి బోస్టన్‌లోని ఒక వ్యభిచార గృహంలో చేర్చారని తెలిసింది. పదహారేళ్ళ నాన్సీ గడ్డకట్టే చలిలో సేలం నుంచి బోస్టన్‌కు బయలుదేరి, అక్కను వెనక్కి తీసుకువచ్చింది. ఆమె పుస్తకంలో వివరంగా కనిపించే తొలి ప్రయాణం ఇదే. అందులో ప్రకృతి వర్ణన లేదు. చలి, దూరం, తోడు ఎవరు, తలుపు తట్టినప్పుడు ఎదురైనవారు, వారితో ఎలా మాట్లాడవలసి వచ్చింది అనేవి ఉన్నాయి. తరవాతి ప్రయాణాల కథనానికి కూడా ఇదే మూస.

1824 ఫిబ్రవరిలో ఆమె నీరో ప్రిన్స్‌ను పెళ్ళాడింది. అతడు బోస్టన్‌లోని నల్లజాతి మేసన్ల సంఘంలో ప్రముఖుడు. అప్పటికే రష్యా రాజాస్థానంలో కొలువు చేస్తున్నవాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో దంపతులు బోస్టన్ నుంచి ఓడ ఎక్కి, జూన్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరారు.

3. సెయింట్ పీటర్స్‌బర్గ్: చూసే కన్నుకు కొత్త కొలత

రష్యా ఆస్థానంలో అప్పట్లో ఇరవైమంది దాకా నల్లజాతి పురుషులు కొలువులో ఉండేవారు. కొత్తగా వచ్చిన నాన్సీని చక్రవర్తి అలెగ్జాండర్, మహారాణి ఎలిజబెత్‌ల సమక్షానికి తీసుకువెళ్ళారు. వారు ఆమెను ఆదరంగా పలకరించి, గడియారం బహూకరించారు. ఈ సన్నివేశాన్ని చెబుతూ, ఇక్కడ రంగును బట్టి ఈసడించుకోవడం లేదని ఆమె క్లుప్తంగా రాసింది. పొడవైన వ్యాఖ్య ఏదీ లేదు. సేలంలోనో బోస్టన్‌లోనో ఎదురైన అవమానాలతో పోల్చలేదు. 1850లో బోస్టన్ పాఠకుడికి ఆ పోలిక ఎవరూ చెప్పనక్కరలేదు.

తొమ్మిదేళ్ళ నివాసంలో ఆమె వ్యాపారానికి పనికివచ్చేంత భాష నేర్చుకుంది. మొదట పిల్లలను ఇంట్లో ఉంచుకుని పోషించింది. తరవాత పసిపిల్లల దుస్తులు కుట్టే పని మొదలుపెట్టి, పనివారినీ శిష్యురాళ్ళనూ నియమించుకునే స్థాయికి పెంచింది. మహారాణి ఆమె దగ్గర దుస్తులు చేయించుకున్నది. ఇంటి చాకిరీలో ఆరోగ్యం పోగొట్టుకున్న అమ్మాయి పరాయి రాజధానిలో తానే పని ఇచ్చే యజమానురాలైంది. స్వదేశంలో మూసి ఉన్న తలుపు అక్కడ తెరుచుకుందని ఆమె ఎక్కడా ప్రకటించదు. వ్యాపార వివరాలే ఆ మాట చెబుతాయి.

ఈ భాగంలో చారిత్రక ఘటనలు మూడు ఉన్నాయి: 1824 నవంబరులో నేవా నది వరద, 1825 డిసెంబరులో సైనికాధికారుల తిరుగుబాటు, 1831లో కలరా. వరద వర్ణన ముఖ్యంగా చెప్పుకోదగినది. నీళ్ళు తీసిన తరవాత చీకట్లో ఒక పెరటిగుండా మనుషుల, పశువుల శవాల మధ్య నడుస్తుండగా ఆమె కాలి కింద నేల కుంగింది. పట్టుకున్న మట్టి పెళ్ళ విరిగిపోయింది. రెండోసారి చేతికి దొరికినది వరదలో చచ్చిన గుర్రం కాలు. దాన్ని పట్టుకుని బురదలోంచి పైకి వచ్చింది. ఈ సంఘటనకు ఆమె కేటాయించిన వాక్యాలు చాలా తక్కువ. నగరం ఎంత నష్టపోయిందన్న అధికారిక లెక్కలు చరిత్ర గ్రంథాల్లో దొరుకుతాయి. గుర్రం కాలు దొరకదు.

ఇంతకంటె ముఖ్యమైన అంశం మరొకటి. అప్పటి రష్యాలో కోట్లాది రైతులు భూస్వాములకు కట్టుబడిన అర్ధబానిసలు. ఆ వ్యవస్థ 1861లో గానీ రద్దు కాలేదు. ప్రిన్స్ దీన్ని గమనించింది. ధనికులు పేదలకు యజమానులే అయినా, అక్కడ కుటుంబాలను విడదీసి నేల నుంచి వేరు చేసి అమ్మే అలవాటుకు చోటు లేదన్న భావం ఆమె రాతలో ఉంది. వాస్తవంలో భూమితో నిమిత్తం లేకుండా సెర్ఫులను అమ్మిన ఉదాహరణలు రష్యా చరిత్రలో ఉన్నాయి. కనుక ఆమె అవగాహన సంపూర్ణం కాదు. రాజాస్థానం ఆదరణ ఆమె చూపును కొంత మెత్తబరచిందని కూడా అనవచ్చు. అయినా ఆమె వాడిన కొలతను గమనించాలి. ఒక వ్యవస్థ క్రూరత్వాన్ని తూచడానికి ఆమె ఎంచుకున్న తూకంరాయి ‘తల్లినీ బిడ్డనూ విడదీసి అమ్ముతారా?’ అన్న ప్రశ్న. ఈ రాయి ఆమె తన దేశం నుంచి మోసుకువెళ్ళినది. రష్యాను వర్ణిస్తున్న వాక్యంలో అమెరికా మీద తీర్పు ఉంది.

4. జమైకా: అనుభవం సలహాగా మారిన తీరు

చలి ఒంటికి పడక ప్రిన్స్ 1833లో ఒంటరిగా బోస్టన్‌కు తిరిగి వచ్చింది. వెనక రావలసిన భర్త అక్కడే మరణించాడు. కొన్నేళ్ళు అనాథ బాలల కోసం, బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలో పనిచేసి, 1840 నవంబరులో ఆమె జమైకాకు బయలుదేరింది.

ఈ ప్రయాణ సందర్భం తెలియాలి. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం 1834లో చట్టరీత్యా రద్దయింది. ‘అప్రెంటిస్’ పేరుతో సాగిన నిర్బంధ చాకిరీ 1838 ఆగస్టు 1న ముగిసింది. విముక్తులైనవారు చెరుకు తోటల్లో పాత షరతులకు పనిచేయడానికి నిరాకరించడంతో తోటల యజమానులు బయటి నుంచి కూలీలను రప్పించడం మొదలుపెట్టారు. అమెరికాలోని స్వతంత్ర నల్లజాతీయులను ఆకర్షించే ప్రయత్నాలు జరిగాయి. ఈ కూలీల అవసరమే తరవాత భారతదేశం నుంచి కూడా ఓడలను కరీబియన్ దీవులకు నడిపించింది. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారిలో తెలుగువారూ ఉన్నారు. అందువల్ల 1841లో ఒక నల్లజాతి స్త్రీ రాసిన వలస సలహాల పుస్తకం మన చరిత్రకు పూర్తిగా పరాయిది కాదు.

మొదటి పర్యటన నుంచి తిరిగి వచ్చి, నిరుపేద బాలికల కోసం కింగ్‌స్టన్‌లో పనినేర్పే బడి పెట్టాలన్న ఆశతో ఆమె చందాలు సేకరించింది. అదే ఏడాది వెస్టిండీస్ గురించిన చిన్న పుస్తకాన్ని అచ్చు వేయించింది. దీవుల భౌగోళిక, చారిత్రక సమాచారంతోపాటు అక్కడి నల్లజాతి ప్రజల చదువు, మతం, స్వేచ్ఛ ఏ స్థితిలో ఉన్నాయో అందులో చెప్పింది. వలస పోదలచినవారు ఆశలు పెట్టుకునే ముందు తెలుసుకోవలసినది తెలుసుకోవాలన్నదే దాని ఆంతర్యం. ఆమె సలహా మూడు పునాదుల మీద నిలుస్తుంది.

మొదటిది, చెప్పినవాడు ఎవరో చూడమనడం. జమైకాలో విముక్తులు సోమరులనే మాట తోటల యజమానుల పక్షాన ప్రచారంలో ఉండేది. ప్రిన్స్ నేరుగా సంతకు వెళ్ళి, సరుకులు అమ్ముకుంటున్న స్త్రీలనూ పురుషులనూ ప్రశ్నించింది. నెత్తిన బరువులు మోస్తూ దూరాల నుంచి నడిచి వచ్చే ఆ జనం తాము సోమరులం కామనీ, తమ శ్రమఫలం తమకే దక్కాలని కోరుతున్నామనీ చెప్పిన సమాధానాన్ని ఆమె రాసుకుంది. సోమరితనమన్న అభియోగం వెనుక కూలి రేటు తగాదా ఉందని గ్రహించింది.

రెండోది, ఖర్చు చెప్పడం. ఓడ కిరాయి ఎంత, చేతిలో ఎంత ఉంది, ఎవరు ఎంత ఇచ్చారు, ఏది పోయింది అనే లెక్కలు ఆమె పుస్తకంలో అడుగడుగునా వస్తాయి. మత సంఘాల్లో సభ్యత్వానికి పేదల దగ్గర డబ్బు వసూలు చేసే పద్ధతిని ఆమె నిర్మొహమాటంగా విమర్శించింది. ఆమె స్వయంగా గాఢమైన క్రైస్తవ విశ్వాసి. విశ్వాసం ఉన్నందువల్లనే ఆ వసూళ్ళు ఆమెకు సహించరానివయ్యాయి. సెయింట్ ఆన్స్ ప్రాంతంలో ఈ విషయమై సంఘ నాయకులతో ఆమెకు పొసగలేదు.

మూడోది, తన తప్పును దాచకపోవడం. 1842లో రెండోసారి వెళ్ళినప్పుడు పరిస్థితులు కల్లోలంగా ఉన్నాయి. బడి నిలవలేదు. ఆమె ఓడిపోయి తిరిగి వచ్చింది, ఓడిపోయానని రాసింది. విజయగాథగా మలచుకునే అవకాశం ఉన్నా మలచలేదు. సలహా ఇచ్చేవారి మాటకు విలువ వచ్చేది ఇక్కడే.

5. దిగని రేవులు

1842లో జమైకా నుంచి తిరుగు ప్రయాణం ఈ పుస్తకానికి నైతిక కేంద్రం. నేరుగా ఉత్తరానికి పోవలసిన ఓడ తుపాను దెబ్బ తిని ఫ్లోరిడా తీరంలోని కీ వెస్ట్‌కు, అక్కడి నుంచి న్యూ ఆర్లియన్స్‌కు వెళ్ళింది. రెండూ బానిసత్వం అమలులో ఉన్న ప్రాంతాలు.

దీని అర్థం తెలియాలంటే అప్పటి చట్టాలను చూడాలి. 1822లో సౌత్ కరోలినా ఒక శాసనం చేసింది. తన రేవులోకి వచ్చే ఓడల్లోని స్వతంత్ర నల్లజాతి నావికులను, ఓడ తిరిగి బయలుదేరేదాకా, చెరసాలలో ఉంచాలని అందులో ఉంది. ఆ నిర్బంధపు ఖర్చు ఓడ యజమాని చెల్లించకపోతే ఆ నావికుణ్ణి బానిసగా అమ్మే వీలు కూడా కల్పించింది. తరవాతి ఏళ్ళలో ఇతర దక్షిణాది తీర ప్రాంతాలు ఇలాంటి శాసనాలే చేశాయి. అందువల్ల నావికుడి కూతురూ, నావికుడి వెంట పెరిగినదీ అయిన ప్రిన్స్‌కు రేవు అంటే గమ్యం కాదు, ఉచ్చు. కాలు నేలకు తాకిన క్షణంలో ఆమె మసాచుసెట్స్ పౌరురాలు కాకుండా పోతుంది.

ఆమె దిగలేదు. ఓడ మీద ఉన్న ఇతర నల్లజాతీయులకు కూడా అదే భయం. తనను ఒడ్డుకు రప్పించడానికి అన్ని విధాలా ప్రలోభపెట్టారని ఆమె రాసింది. ఓడ మీద ఉండడం ఎంత దుర్భరమైనా ఆమె కదలలేదు. న్యూ ఆర్లియన్స్ రేవులో సంకెళ్ళతో పనిచేస్తున్న బానిసలను ఓడ పైనుంచే చూసింది. ఒడ్డున ఉన్న తెల్లవారు ఆమెను ప్రశ్నించారు. ఆమె బైబిలు మాటలతో జవాబు చెప్పింది.

యాత్రాసాహిత్యంలో చూసే చోటు ముఖ్యం. కొండ శిఖరం, కోట బురుజు, పల్లకి, రైలు కిటికీ మన యాత్రికులు లోకాన్ని చూసిన చోట్లు. ప్రిన్స్ తన దేశంలోని ఒక మహానగరాన్ని దిగడానికి వీలులేని ఓడ నుంచి చూసింది. రష్యా రాజధాని వీధుల్లో తొమ్మిదేళ్ళు తిరిగిన స్త్రీకి న్యూ ఆర్లియన్స్‌లో ఒక్క వీధి తెలియదు. ఆ నగరం గురించి ఆమె ఇచ్చిన సమాచారం చాలా తక్కువ. అయితే ఆ తక్కువ సమాచారమే ఆమె తన తోటివారికి ఇవ్వగలిగిన సలహాల్లో అత్యంత విలువైనది: ఓడ ఎక్కేముందు అది ఎక్కడెక్కడ ఆగుతుందో తెలుసుకోండి, కెప్టెన్ మాట మీద ఆధారపడకండి, దిగవద్దు.

ఆమె రచనా శైలి పొడిగా, అతుకుల బొంతలా ఉంటుందన్న అభిప్రాయం చదివినవారికి కలగడం సహజం. ఆచారాల వర్ణనలు, డబ్బు లెక్కలు, బైబిలు వాక్యాలు ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. మనసులోని బాధ మాత్రం అరుదుగా బయటపడుతుంది. దీన్ని లోపంగా కాక సాక్ష్యపు భాషగా చదవాలని నా అభిప్రాయం. బానిసత్వ రాష్ట్రాల న్యాయస్థానాల్లో తెల్లవారికి వ్యతిరేకంగా నల్లవారి సాక్ష్యం చెల్లేది కాదు. చెల్లని సాక్షి ఏ తేదీన, ఏ ఓడలో, ఎవరి మాట మీద, ఎంత సొమ్ముతో అని కూడబలుక్కున్నట్టు చెబుతుంది. భావావేశాన్ని పక్కన పెట్టి వివరాన్ని ముందుకు తెస్తుంది. పుస్తకాన్ని కీర్తి కోసం కాదు, జీవనోపాధి కోసం అచ్చు వేస్తున్నానని ముందుమాటలో చెప్పడం కూడా ఆ నిజాయితీలో భాగమే. అది 1853లోనూ 1856లోనూ తిరిగి అచ్చయింది.

6. సమకాలీనులు: సీకోల్, రెమాండ్

ప్రిన్స్ అనుభవం ఏకాకి కాదు. 1805లో కింగ్‌స్టన్‌లో స్కాట్ తండ్రికీ, నాటువైద్యం తెలిసి వసతి గృహం నడిపే జమైకా తల్లికీ పుట్టిన మేరీ సీకోల్ 1857లో లండన్‌లో తన సాహసయాత్రల పుస్తకం ప్రచురించింది. పనామాలో హోటలు నడిపి, కలరా రోగులకు వైద్యం చేసిన ఆమె, అక్కడి నుంచి ఒక అమెరికన్ ఓడలో ప్రయాణం కట్టింది. తెల్లజాతి స్త్రీలు తమ గదిలో ఆమె ఉనికిని సహించలేదు. ఆమె ఆ ఓడ దిగి, తరవాత వచ్చిన ఇంగ్లీషు ఓడలో వెళ్ళింది. క్రిమియా యుద్ధానికి నర్సుగా వెళ్తానంటే లండన్ అధికారులు తిరస్కరించారు. సొంత ఖర్చుతో వెళ్ళి బలక్లావా సమీపంలో సైనికుల కోసం వసతి, భోజనశాల నడిపింది.

సీకోల్ ధోరణి వేరు. ఆమె నవ్విస్తుంది, అల్లరి చేస్తుంది, తనను తాను ప్రదర్శించుకుంటుంది. ప్రిన్స్ నవ్వదు. కానీ లోతున ఒకే వ్యాకరణం ఉంది. ప్రిన్స్ ఓడ దిగకుండా బతికింది. సీకోల్ ఓడ దిగి గౌరవం నిలుపుకుంది. ఇద్దరికీ ప్రయాణంలో కీలక నిర్ణయం ‘ఏమి చూడాలి’ అన్నది కాదు. ‘ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగకూడదు’ అన్నది.

మూడో ఉదాహరణ సేలం పట్టణానికే చెందిన సారా పార్కర్ రెమాండ్. బానిసత్వానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలిస్తూ 1859లో బ్రిటన్ వెళ్ళిన ఆమె, ఫ్రాన్స్ వెళ్ళడానికి లండన్‌లోని అమెరికా దౌత్య కార్యాలయంలో వీసా అడిగింది. నల్లజాతివారు అమెరికా పౌరులు కారన్న కారణంతో వారు నిరాకరించారు. రెండేళ్ళ క్రితమే డ్రెడ్ స్కాట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అదే తీర్పు చెప్పింది. స్వదేశం విడిచి వెళ్ళాక కూడా స్వదేశపు అడ్డుగోడ వెంట వచ్చిన సందర్భమిది. రెమాండ్ తరవాత ఇటలీలో స్థిరపడి, రోమ్‌లో 1894లో మరణించింది.

7. హెచ్చరిక నుంచి మార్గదర్శికకు

వ్యక్తిగత అనుభవాన్ని సమూహానికి సలహాగా మార్చే ఈ సంప్రదాయం ఇరవయ్యో శతాబ్దంలో సంస్థాగత రూపం తీసుకుంది. న్యూయార్క్ హార్లెమ్‌లో నివసించిన తపాలా ఉద్యోగి విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో ప్రారంభించిన ‘గ్రీన్ బుక్’ నల్లజాతి ప్రయాణికులకు బస, భోజనం, పెట్రోలు, క్షౌరశాల ఎక్కడ దొరుకుతాయో ఊరివారీగా చెప్పింది. హోటళ్ళు లేని ఊళ్ళలో మామూలు ఇళ్ళే బసలుగా నమోదయ్యాయి. వాటిలో చాలా వాటికి ఇంటి ఇల్లాలి పేరే చిరునామా. 1964 పౌరహక్కుల చట్టం బహిరంగ వసతుల్లో వివక్షను నిషేధించాక కొద్ది కాలానికే దాని ప్రచురణ ఆగిపోయింది.

గ్రీన్ బుక్‌లో ఎక్కడికి వెళ్ళవద్దో రాయలేదు. వెళ్ళదగిన చోట్ల పేర్లే ఉన్నాయి. పేరు లేని ఊరే హెచ్చరిక. ప్రిన్స్ రాసినది దాని అవతలి పార్శ్వం: దిగకూడని రేవుల పట్టిక. రెండింటినీ కలిపి చదివితే, యాత్రికుల సలహా అన్న సాధారణ రచనాప్రక్రియ ఒక సమాజానికి సౌకర్యమూ మరొక సమాజానికి ప్రాణరక్షణా ఎలా అవుతుందో తెలుస్తుంది.

8. తెలుగు యాత్రాసాహిత్య అధ్యయనానికి కొన్ని ప్రశ్నలు

ప్రిన్స్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పసిపిల్లల దుస్తులు కుట్టిస్తున్న రోజుల్లో, 1830 మే నెలలో, మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి బయలుదేరాడు. 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె ఆ యాత్రా వృత్తాంతాన్ని 1838లో ప్రచురించాడు. 1941లో దిగవల్లి వేంకట శివరావు దాన్ని పరిష్కరించి మళ్ళీ వెలుగులోకి తెచ్చాడు. ఈ గ్రంథంలోనూ సలహా పుష్కలంగా ఉంది. ఏ మజిలీలో మంచినీళ్ళున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఏ దారి కష్టం, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అని వీరాస్వామయ్య తరవాత వచ్చే యాత్రికుల కోసం ఓపికగా చెప్పాడు. ఇద్దరూ తమ వెనక వచ్చేవారిని తలచుకుంటూ రాశారు. ఆ మేరకు ఇద్దరిదీ ఒకే ధర్మం.

తేడా వారి వెంట ఉన్నదానిలో ఉంది. వీరాస్వామయ్య వెంట సుమారు వందమంది పరివారం ఉంది, హోదా ఉంది, కుంపిణీ అధికారుల పరిచయాలున్నాయి. ప్రిన్స్ వెంట ఒక పెట్టె ఉంది. ఈ పోలికను వీరాస్వామయ్య విలువ తగ్గించడానికి చేయడం లేదు. ఆయన నిశిత పరిశీలన తెలుగు వచనానికి గొప్ప లాభం. కానీ ఆ పల్లకి మోసిన బోయీలు కూడా మద్రాసు నుంచి కాశీకి వెళ్ళి వచ్చినవారే. వారికి ఏ మజిలీలో నీళ్ళు దొరికాయి, ఏ బావి దగ్గర దొరకలేదు, ఎక్కడ పడుకున్నారు అన్నది వారి మాటల్లో మనకు అందలేదు. ప్రిన్స్ పుస్తకం ప్రత్యేకత ఇక్కడ స్పష్టమవుతుంది: యాత్రలో సేవకుల వరసలో నిలబడవలసిన మనిషి కలం పట్టి రాసిన యాత్రాకథనం అది.

మన దేశంలో దీనికి దగ్గరి రచన అంబేద్కర్ స్వీయానుభవాల సంపుటి ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. గోరేగావ్‌కు తండ్రిని చూడబోయిన పిల్లలకు బండివాడు దొరకకపోవడం, రెట్టింపు కిరాయి ఇచ్చి బండిని తామే తోలుకోవలసి రావడం, రాత్రంతా తాగడానికి నీళ్ళు దొరకకపోవడం, బరోడాలో బస దొరకని విద్యాధికుడి దుస్థితి, దౌలతాబాద్ కోట దగ్గర చెరువు నీళ్ళు ముట్టుకున్నందుకు ఎదురైన దూషణ ఇవన్నీ ప్రయాణ సందర్భాలే. అయినా దీన్ని యాత్రాసాహిత్యం కింద చదివే అలవాటు మనకు లేదు. ఆత్మకథ అనో, సామాజిక పత్రం అనో వర్గీకరిస్తాం. కాలు మోపనివ్వని చోటు గురించిన రచనను యాత్రాసాహిత్యం నుంచి తప్పించడం వల్ల ఆ ప్రక్రియ మీద మన అవగాహన అసంపూర్ణంగా మిగులుతోంది.

స్త్రీల విషయంలోనూ ఇదే ప్రశ్న వేయాలి. 1876లో మద్రాసులో ఆంగ్లంలో అచ్చయిన పోతం జానకమ్మ రాఘవయ్య ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ మొదలుకొని తెలుగు స్త్రీల యాత్రారచనలను చదివేటప్పుడు, వారు ఏమి చూశారన్నదానితోపాటు ఎవరి అనుమతితో, ఎవరి తోడుతో, ఏ హెచ్చరికల మధ్య చూశారన్నది కూడా పరిశీలనాంశం కావాలి. ‘జాగ్రత్త’ అన్న మాట మన యాత్రాకథనాల్లో ఎక్కడ వస్తుంది, ఎవరు ఎవరితో అంటారు అని వెతికినా ఒక కొత్త అధ్యయనానికి దారి దొరుకుతుంది.

9. ముగింపు

నాన్సీ ప్రిన్స్ రచనలో అనుభవమూ సలహా వేరువేరు భాగాలు కావు. రాజాస్థానపు ఆదరణ, వరద, వ్యాపారం, సంతలోని సంభాషణ, విఫలమైన బడి, దిగని రేవు అన్నీ ఒకే ప్రయోజనం వైపు సాగుతాయి: తన వెనక ప్రయాణించబోయేవారు తనకంటె ఎక్కువ తెలిసి బయలుదేరాలి. ఈ దృష్టితో చూసినప్పుడు ఆమె కథనంలోని పొడితనం, లెక్కలు, తేదీలు, మౌనాలు సాహిత్య లోపాలుగా కాక ఒక చారిత్రక పరిస్థితి నిర్మించిన రూపంగా అర్థమవుతాయి.

యాత్రాసాహిత్య నిర్వచనంలో ‘వెళ్ళడం, చూడడం, చెప్పడం’ అనే మూడింటికి ‘దిగగలగడం’ అనే నాలుగో అంశాన్ని స్పష్టంగా చేర్చుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదన. ఆ అంశం అందరికీ సమానంగా లేదన్న గుర్తింపుతో మన యాత్రాగ్రంథాలను తిరిగి చదివితే, వాటిలో మాట్లాడినవారితోపాటు పల్లకి కింద నడిచినవారు, బావి దగ్గర ఆగిపోయినవారు, ఓడ మీదే ఉండిపోయినవారు కూడా మన పరిశోధన పరిధిలోకి వస్తారు.